ట్రెమలో బ్లాక్‌ను సరిగ్గా కూర్చోబెట్టడం ఎలా?

"బ్లాక్ మారిస్తే సౌండ్ బాగుపడుతుందా?" స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లు ఏడాది తిరగకముందే అడిగే ప్రశ్న ఇది. దీని వెనకే ఇంకోటి వస్తుంది: "ఇత్తడిది కొననా, స్టీల్‌ది కొననా?" రెండింటికీ నేను చెప్పేది ఒకటే. ముందు మీ గిటార్‌లో ఉన్న బ్లాక్ (బ్రిడ్జ్ కింద వేలాడే లోహపు దిమ్మ) బ్రిడ్జ్ ప్లేటుకు సరిగ్గా అతుక్కుందో లేదో చూడండి. ప్లేటుకూ బ్లాక్‌కూ మధ్య సందు ఉంటే ఎంత ఖరీదైన లోహం పెట్టినా ఉపయోగం లేదు. అదే, మామూలు జింక్ బ్లాక్‌నే నున్నగా అరగదీసి బిగువుగా కూర్చోబెడితే చాలామందికి అక్కడితో పని అయిపోతుంది.

కాబట్టి ఇక్కడ రెండు దారులు చెబుతున్నాను. ఉన్న బ్లాక్‌నే బాగుచేసుకోవడం ఒకటి, కొత్తది వేసుకోవడం రెండోది. పని చాలావరకు ఒక్కటే. తేడా వచ్చే చోట చెబుతాను.

బ్రిడ్జ్ అంటే తీగలు బాడీ మీద ఆనే భాగం. బ్లాక్ అంటే దాని ప్లేటు కింద, గిటార్ పొట్టలోకి వేలాడే లోహపు దిమ్మ. ఆరు తీగల చివర్లలో ఉండే గుండ్లు ఇందులోనే ఆగుతాయి. వెనక స్ప్రింగులు దీనికే తగులుకుంటాయి, శ్రుతి ఊపడానికి చేత్తో పట్టుకునే కడ్డీ, అంటే ఆర్మ్, కూడా దీని మరలోకే దిగుతుంది. ఫెండర్ కంపెనీ 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చినప్పుడు ఇది ఉక్కు దిమ్మ. 1970ల మొదట్లో అదే కంపెనీ పోత పోసిన జింక్ మిశ్రమానికి మారింది. చవక గిటార్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది జింకే. అదీ పలచగా, పొట్టిగా ఉంటుంది. (నిజానికి ఈ పరికరం చేసేది శ్రుతిని ఊపడం. దాని పేరు వైబ్రాటో అయ్యుండాలి. ట్రెమలో అన్న పేరు అలా అతుక్కుపోయింది.)

ఈ పని ఎవరు చేయకూడదు

మీది పాత కాలపు అసలు గిటార్ అయితే బ్లాక్ జోలికి వెళ్లకండి. అసలు భాగాలు అలాగే ఉంటేనే దానికి విలువ. తీగలను రెండు చివర్లా బిగించి పట్టే ఫ్లాయిడ్ రోజ్ తరహా బ్రిడ్జ్ ఉన్నవాళ్లకు ఇందులో చదును చేసే భాగం వరకు పనికొస్తుంది, కొలతలు మాత్రం వేరు. నేను రాస్తున్నది ఆరు స్క్రూల మీదో రెండు పోస్టుల మీదో ఆడే మామూలు స్ట్రాట్ తరహా బ్రిడ్జ్ గురించి.

కావాల్సినవి

- వెర్నియర్ కాలిపర్, డిజిటల్‌ది అయితే సుఖం. స్కేలుతో ఈ పని కాదు.
- స్క్రూ తలలో బిర్రుగా కూర్చునే స్టార్ స్క్రూడ్రైవర్. వదులుగా ఉన్నదానితో మొదలుపెట్టకండి.
- సాడిల్స్‌కు (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కలు) సరిపోయే చిన్న అలెన్ కీ
- మందపాటి అద్దం ముక్క. అంచులు నూరినది కావాలి.
- 220, 400, 600 నంబర్ల శాండ్‌పేపర్
- చదునైన సన్నపు ఆకురాయి
- మార్కర్, పెన్సిల్, తెల్ల కాగితం, సుద్దముక్క, మాస్కింగ్ టేప్
- ముక్కు ప్లయర్, కళ్లద్దాలు
- ట్యూనర్, ఇప్పుడున్న మందంలోనే కొత్త తీగలు. సౌండ్ పోల్చాలనుకుంటే రెండు సెట్లు.

రెండు గంటలు ఖాళీ చూసుకోండి. మొదటిసారి అయితే ఇంకో గంట కలుపుకోండి. సాయంత్రం ప్రోగ్రాం ఉందనగా పొద్దున మొదలుపెట్టే పని మాత్రం కాదిది.

1. విప్పే ముందు రాసుకోండి

ఎక్కువమంది ఎగ్గొట్టే మెట్టు ఇదే. తరవాత "ముందు ఎలా ఉండేదో గుర్తులేదు" అని బాధపడతారు.

గిటార్‌ను శ్రుతి చేసి ఇవి రాసుకోండి: 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ, మొదటి తీగ ఎంత ఎత్తులో ఉన్నాయి, బ్రిడ్జ్ ప్లేటు వెనక అంచు బాడీకి ఎంత ఎత్తులో తేలుతోంది, చివరి ఫ్రెట్ నొక్కిపట్టినప్పుడు తీగకూ పికప్‌కూ (తీగ మోతను పట్టి యాంప్‌కు పంపే భాగం) మధ్య ఎంత సందు ఉంది. ఈ చివరి కొలత చాలా ముఖ్యం, ఎందుకో సౌండ్ దగ్గరికి వచ్చాక చెబుతాను. వెనక మూత తీసి స్ప్రింగులు ఏ రంధ్రాల్లో ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

సౌండ్ పోల్చాలనుకుంటే ఇప్పుడే కొత్త తీగలు వేసి, రెండు నిమిషాలు ఏదైనా వాయించి రికార్డు చేయండి. ఎఫెక్టులు వద్దు.

2. విప్పడం

ముందుగా పికప్‌ల మీద మాస్కింగ్ టేప్ అంటించండి. పికప్‌లలో అయస్కాంతాలుంటాయి కదా, ఉక్కు రజను ఒక్కసారి అంటుకుందంటే పీకడం నరకం. ఒకసారి నేను "రెండు రుద్దులే కదా" అని గిటార్ పక్కనే ఆకురాయి పట్టాను. ఆ తరవాత టేపు ముక్క అంటించడం, పీకడం, మళ్లీ అంటించడం... సాయంత్రమంతా అదే పని. రుద్దే పని ఏదైనా గిటార్‌కు దూరంగా, వీలైతే వేరే గదిలో చేయండి.

తీగలన్నీ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రండి. 10-46 మందం తీగల సెట్టు మామూలు శ్రుతిలో ఉన్నప్పుడు ఆరు తీగలు కలిసి లాగే బలం 45 కిలోలు దాటుతుంది. అంత బలాన్నీ అవతలి వైపు నుంచి స్ప్రింగులే ఆపుతుంటాయి. తీగలు పోతే స్ప్రింగులదే పైచేయి. స్ప్రింగుల అవతలి కొసలు తగులుకునే లోహపు పట్టీని క్లా అంటారు. కళ్లద్దాలు పెట్టుకుని, దాని స్క్రూలు రెండింటినీ ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెడుతూ వదులు చేయండి. ఆ తరవాత ప్లయర్‌తో స్ప్రింగులు ఊడదీయండి. క్లాకు టంకం పెట్టిన వైరు ఒకటి ఉంటుంది, దాన్ని లాగొద్దు. అది తెగితే గిటార్ గుయ్‌మంటూ హమ్ పెడుతుంది.

ఆరు స్క్రూల బ్రిడ్జ్ అయితే ముందువైపు స్క్రూలు తీస్తే మొత్తం చేతికి వస్తుంది. రెండు పోస్టులదైతే స్ప్రింగులు పోగానే దానంతటదే వదిలేస్తుంది. పోస్టులను మాత్రం కదపకండి.

ప్లేటు పైనుంచి బ్లాక్‌లోకి దిగే మూడు స్క్రూలు సాడిల్స్ కింద దాక్కుని ఉంటాయి. అడ్డమొచ్చే సాడిల్స్ తీసి వరస తప్పకుండా పక్కన పెట్టుకోండి. ఈ మూడు స్క్రూలూ ఒక్కోసారి మొండికేస్తాయి. స్క్రూడ్రైవర్‌ను గట్టిగా కిందికి అదిమి, ఒక్క ఊపులో తిప్పండి. జారిందా, ఆగండి. తల అరిగిపోయాక ఏడ్చి లాభం లేదు.

3. కొలవడం

ఉన్న బ్లాక్‌నే బాగుచేసేవాళ్లు ఈ మెట్టు చదివి వదిలేయవచ్చు. కొత్తది కొనేవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త కూర్చోవాలి. "నా గిటార్‌కు ఏ బ్లాక్ సరిపోతుంది?" అని అడిగితే నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. కొలవాల్సిందే.

ఎత్తు: మామూలు స్ట్రాట్ బాడీ మందం దాదాపు 44.5 మి.మీ. పూర్తి ఎత్తు బ్లాక్‌లు ఆ మందానికి చేసినవి. మీ బాడీ 40 మి.మీ. దగ్గర ఉంటే అలాంటి బ్లాక్ వెనకనుంచి పొడుచుకొచ్చి మూతకు తగులుతుంది. బ్లాక్ అడుగుకూ మూతకూ మధ్య 2 మి.మీ. అయినా ఖాళీ మిగలాలి.

తీగల మధ్య దూరం: మొదటి తీగ రంధ్రం మధ్య నుంచి ఆరో తీగ రంధ్రం మధ్యకు కొలవండి. పాత పద్ధతి బ్రిడ్జ్‌లలో ఇది 56 మి.మీ. పైచిలుకు ఉంటుంది. కొత్త పద్ధతి వాటిలో దాదాపు 52.5, మధ్యలో 54 రకం కూడా ఒకటుంది. కంటికి అన్నీ ఒకటే. బ్లాక్ రంధ్రం ప్లేటు రంధ్రం కిందికి రాకపోతే తీగ అంచుకు రాసుకుని అక్కడే తెగుతుంది.

ఆర్మ్ మర: దీంతో చాలామంది మోసపోతారు. మి.మీ. లెక్కలో వచ్చే ఎం5 మరకూ, అంగుళాల లెక్కలో వచ్చే 10-32 మరకూ తేడా కంటికి ఆనదు. ఒకటి 5 మి.మీ., రెండోది 4.83 మి.మీ. పాత ఆర్మ్‌ను కొత్త బ్లాక్‌లోకి వేళ్లతో తిప్పి చూడండి. నాలుగైదు చుట్లు హాయిగా దిగాలి. రెండో చుట్టుకే బిగుసుకుంటే అది మీ మర కాదు. బలవంతం చేస్తే ఆర్మ్, బ్లాక్ రెండూ పోతాయి. ఎం6 లావుగా ఉంటుంది కాబట్టి దానితో ఈ తికమక లేదు. ప్లేటును బిగించే మూడు స్క్రూలకూ ఇదే పరీక్ష.

ఇక రంధ్రాల అమరిక. దీనికి కాలిపర్ కన్నా కాగితం నయం. పాత బ్లాక్ పైముఖం మీద తెల్ల కాగితం పరిచి, పెన్సిల్ సీసాన్ని అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దండి. చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం చూడండి, అలాగే. మూడు స్క్రూ రంధ్రాలు, ఆరు తీగ రంధ్రాలు, ఆర్మ్ రంధ్రం అన్నీ అచ్చుపడతాయి. కొనబోయే బ్లాక్ కొలతల బొమ్మతో దీన్ని పోల్చుకోండి. ఎడమచేతి గిటార్ అయితే ఆర్మ్ రంధ్రం ఎటువైపుందో ఇంకోసారి చూసుకోండి.

లోహం సంగతి క్లుప్తంగా: ఒకే పరిమాణంలో జింక్ కన్నా ఉక్కు బరువు, ఉక్కు కన్నా ఇత్తడి ఇంకాస్త బరువు. పలచటి జింక్ తీసి పూర్తి మందం ఉక్కు పెడితే తేడా చేతికే తెలుస్తుంది. నన్నడిగితే ఉక్కు. ఇత్తడిది పెట్టినా తప్పేం లేదు.

4. పైముఖం చదును చేయడం

అసలు పని ఇదే. మిగతావన్నీ దీనికోసమే.

బ్లాక్ పైముఖాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని స్టీల్ స్కేలు అంచు దాని మీద నిలబెట్టండి. సందులోంచి వెలుగు కనిపిస్తోందా? పోత పోసిన బ్లాకులకు స్క్రూ రంధ్రాల చుట్టూ సన్నగా ఉబ్బిన అంచు ఉంటుంది. మర కోసినప్పుడు లేచిన లోహం అది. కొన్నిటికి మధ్యలో గుంట, కొన్నిటికి రంగు ముద్ద. ప్లేటు ఆ ఉబ్బుల మీద కూర్చుంటుందే తప్ప బ్లాక్ మీద కాదు.

పైముఖం నిండా మార్కర్‌తో అడ్డగీతలు, నిలువుగీతలు గీయండి. అద్దం మీద 220 శాండ్‌పేపర్‌ను అంచుల్లో టేపుతో అంటించండి. బ్లాక్‌ను బోర్లించి, కాగితానికి దగ్గరగా కింది భాగంలో పట్టుకుని, 8 అంకె వేస్తున్నట్టు పదిసార్లు తిప్పండి. ఎత్తి చూడండి. గీతలు చెరిగినచోటు ఎత్తు, మిగిలినచోటు పల్లం. బ్లాక్‌ను సగం తిప్పి పట్టుకుని మళ్లీ పదిసార్లు. పై నుంచి పట్టుకుంటే చేయి ఊగి అంచులు గుండ్రమవుతాయి. అలా అయితే చదును చేయబోయి చెడగొట్టినట్టే.

గీతలన్నీ పోయేదాకా 220, తరవాత కాసేపు 400, చివర 600. అద్దంలా మెరవాల్సిన అవసరం లేదు, సమంగా ఉంటే చాలు. అంచున ఒక గీత ముక్క మొండిగా మిగిలిపోతే దానికోసం మొత్తం అరగదీయకండి. స్క్రూల చుట్టూ, తీగ రంధ్రాల చుట్టూ పూర్తిగా ఆనితే సరిపోతుంది.

ప్లేటు అడుగు కూడా చూడండి. అక్కడ రంగు ముద్దలో, రంధ్రాల చుట్టూ లేచిన అంచులో ఉంటే మెల్లగా తీసేయండి. అయితే ప్లేటు వంగి ఉంటే దాన్ని రుద్ది సరిచేయాలని చూడకండి, మార్చడమే మేలు.

ఉక్కు బ్లాక్ పూత పోయినచోట తుప్పు పడుతుంది. మెషిన్ ఆయిల్ ఒక చుక్క గుడ్డకు అద్ది తుడవండి.

5. తీగ రంధ్రాలు

ఒక్కో రంధ్రంలోకి పాత తీగ దూర్చి లాగండి. గుండు లోపల సూటిగా ఆగాలి. ఓ పక్కకు ఒరిగితే అడుగున పోత చెత్తో, లేచిన అంచో ఉన్నట్టు. రంధ్రం మూతి దగ్గర అంచు పదునుగా ఉంటే పెద్ద డ్రిల్ బిట్‌ను చేత్తోనే పట్టుకుని రెండు చుట్లు తిప్పండి. మెషిన్ వద్దు, ముఖ్యంగా ఇత్తడికి. ఇత్తడి బిట్‌ను ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది.

తీగ ప్లేటు నుంచి బయటికొచ్చే రంధ్రం అంచును పాత లావు తీగ ముక్కతోనే ముందుకీ వెనక్కీ లాగి నునుపు చేయవచ్చు. తీగలు ఎప్పుడూ అక్కడే తెగుతుంటే దోషం బ్లాక్‌ది కాకపోవచ్చు. చాలాసార్లు ఈ అంచుదే.

6. గోడకు తగులుతోందా?

బ్లాక్‌ను ప్లేటుకు తాత్కాలికంగా బిగించి, బ్రిడ్జ్‌ను స్ప్రింగులు లేకుండా గిటార్‌లో పెట్టండి. బ్లాక్ కింది అంచులకు సుద్ద దట్టంగా రాసి, చేత్తో రెండువైపులా పూర్తిగా ఊపండి. తీసి చూస్తే చెక్క గోడ మీద ఎక్కడ తగిలిందో తెల్లగా కనిపిస్తుంది. ఆర్మ్ కిందికి నొక్కినప్పుడు బ్లాక్ అడుగు తోక వైపు వెళుతుంది, పైకి లాగితే మెడ వైపు. తీగలు పూర్తిగా వదులు కాకముందే ఆర్మ్ ఆగిపోతోందంటే తోక వైపు అంచు గోడకు కొడుతున్నట్టు.

ఆ అంచును ఆకురాయితో వాలుగా కోయండి. జింక్ మెత్తన, ఆకురాయి పళ్లలో ఇరుక్కుంటుంది. ముందే పళ్లకు సుద్ద రుద్దితే అంత పట్టదు. తీగ రంధ్రం చుట్టూ 2 మి.మీ. లోహమైనా మిగిలేలా చూసుకోండి. అంతకన్నా లోపలికి వెళ్లాల్సి వస్తే ఆపేసి పలచటి బ్లాక్ చూసుకోండి. చెక్క చెక్కడం ఆఖరి మాట. లోహం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, బాడీ చెక్క తిరిగిరాదు.

7. బిగించడం

ప్లేటును బ్లాక్ మీద పెట్టి మూడు స్క్రూలు వేళ్లతో సగం దాకా తిప్పండి. ఇప్పుడు మొదటి రంధ్రంలోంచి, ఆరో రంధ్రంలోంచి పాత తీగ ముక్కలు రెండు దూర్చండి. రెండూ ఎక్కడా రాసుకోకుండా సూటిగా వస్తుంటేనే మధ్య స్క్రూ, ఆ తరవాత అటూ ఇటూ, కొంచెం కొంచెంగా బిగించండి.

ఇక్కడో దొంగ తప్పు ఉంది. పాత స్క్రూలు కొత్త బ్లాక్ రంధ్రం లోతుకన్నా పొడవైతే కొన అడుగుకు తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, ప్లేటు మాత్రం పట్టుకుని ఉండదు. బిగించాక మామూలు ప్రింటింగ్ కాగితం చీలికను ప్లేటుకూ బ్లాక్‌కూ మధ్య దూర్చి చూడండి. దాని మందం 0.1 మి.మీ. అటూ ఇటూ. ఏ వైపు నుంచీ దూరకూడదు. దూరితే స్క్రూ పొడవు చూడండి, లేదా 4వ మెట్టుకు తిరిగి వెళ్లండి. స్క్రూ తలలు కూడా ప్లేటులో మునిగి ఉండాలి. పైకి ఉంటే సాడిల్స్ వాటి మీద ఎక్కి కూర్చుంటాయి.

ఆర్మ్ గుంతలో లబలబ ఆడుతుంటే దాని మరకు టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు చుట్టండి. ఆర్మ్‌ను బిగించే దిక్కులోనే చుట్టండి, లేకపోతే తిప్పగానే ఊడొస్తుంది.

8. గిటార్‌లో పెట్టి శ్రుతి చేయడం

ఆరు స్క్రూల బ్రిడ్జ్ అయితే స్క్రూలను గట్టిగా బిగించేయకండి. ఒక్కో స్క్రూను ప్లేటు వెనక అంచు లేవబోయేదాకా తిప్పి, అక్కడినుంచి కొద్దిగా వెనక్కి తీయండి. మధ్య నాలుగింటిని మరికాస్త వదులుగా ఉంచితే చివరి రెండే ఇరుసుల్లా పనిచేస్తాయి.

ఫొటో చూసుకుని స్ప్రింగులు పెట్టండి, క్లాను లెక్కపెట్టిన చుట్లకు తిరిగి తెండి. తీగలు వేసి శ్రుతి చేయండి. ఆరోది సరిచేసేసరికి మొదటిది దిగుతుంది, మొదటిది సరిచేస్తే మిగతావి. ఇది మామూలే, నాలుగైదు రౌండ్లు పడుతుంది. శ్రుతి నిలిచాక ప్లేటు వెనక ఎత్తు చూడండి. ముందు రాసుకున్న కొలతే పెట్టుకోండి. అది లేకపోతే 3 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. ఎత్తు ఎక్కువైతే క్లాను అర చుట్టు బిగించి మళ్లీ శ్రుతి, తక్కువైతే అర చుట్టు వదిలి మళ్లీ శ్రుతి. ఓపిక కావాలి. తరవాత తీగల ఎత్తు, ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉండటం) సరిచూడండి.

9. పని కుదిరిందా?

ఆర్మ్‌ను పూర్తిగా కిందికి నొక్కి వదలండి, అయిదుసార్లు. ట్యూనర్ చూడండి. తీగలు మొదటి చోటికే వస్తే సరే. నొక్కి వదిలాక శ్రుతి పెరిగి, పైకి లాగి వదిలాక తగ్గిందా? అయితే బ్లాక్‌ను తిట్టకండి. తీగ నట్‌లో (మెడ చివర తీగలు గాట్లలో కూర్చునే ముక్క) పట్టేస్తోంది. నట్ గాట్లలో పెన్సిల్ సీసం రాసి మళ్లీ చూడండి. బ్లాక్ మార్చినా శ్రుతి నిలవడం లేదని నా దగ్గరికి వచ్చిన గిటార్లలో చాలావాటికి ఇదే జబ్బు.

గిటార్‌ను యాంప్‌కు పెట్టకుండా ఒక్కో తీగను గట్టిగా మీటండి. జిర్రుమనే శబ్దం వెనకనుంచి వస్తే బ్లాక్ మూతకైనా తగులుతోంది, వదులు స్ప్రింగైనా పాడుతోంది. మూత తీసి మళ్లీ మీటితే ఏదో తేలిపోతుంది. యాంప్‌కు పెట్టాక, తీగల మీద చేయి వేసినప్పుడు హమ్ తగ్గకపోతే క్లా దగ్గరి వైరు చూడండి.

ఇక సౌండ్. మీటే ముందు తీగకూ పికప్‌కూ మధ్య సందు కొలవండి. అది ముందు రాసుకున్నదానికి తేడా ఉంటే పికప్ స్క్రూలు తిప్పి అదే కొలతకు తెండి. సందు అర మి.మీ. తగ్గినా సౌండ్ పెద్దదవుతుంది. ఆ గొప్పంతా కొత్త బ్లాక్ ఖాతాలో పడిపోతుంది. కొత్త తీగల సంగతీ అంతే. అందుకే మొదట కొత్త తీగలతో రికార్డు చేయమన్నది. ఇప్పుడు రెండో కొత్త సెట్టుతో అదే ముక్క, అదే యాంప్ సెట్టింగుతో వాయించి, ఏది ఏదో చెప్పకుండా ఇంకొకరి చేత ప్లే చేయించుకుని వినండి.

నాకు వినిపించేది ఇది: వదులుగా కూర్చున్న పలచటి జింక్ తీసి ఉక్కు బ్లాక్ బిగువుగా పెడితే లావు తీగల మోత కాస్త గట్టిపడుతుంది, నోటు మొదట్లో ఉండే మెత్తదనం కొద్దిగా తగ్గుతుంది. గిటారే మారిపోయినట్టు మాత్రం ఉండదు. ఉన్న జింక్‌నే చదును చేసి బిగించినప్పుడు కూడా ఈ తేడాలో మంచి వాటా దక్కింది.

పాత బ్లాక్‌ను దాని మూడు స్క్రూలతో సహా ఒక కవర్లో వేసి, పైన గిటార్ పేరు రాసి దాచండి. రేపు గిటార్ అమ్మాల్సి వస్తే, కొనేవాళ్లు మొదట అడిగేది అదే.